చేతికి పని, మనసుకు బలం

క్రైస్తవులమంటారు సరే, పేదలకు ఇప్పుడేం చేస్తున్నారని 1833లో పారిస్ విద్యార్థులు తోటి విద్యార్థి ఫ్రెడరిక్ ఓజనామ్‌ను నిలదీశారు. అప్పటికి ఆయనకు 20 ఏళ్లు. మిత్రులను కూడగట్టి, సిస్టర్ రోజలీ అనే కన్యాస్త్రీ చూపిన పేదల ఇళ్ల తలుపులు తట్టాడు. అలా పుట్టిందే విన్సెంట్ డి పాల్ సభ.

నేటికీ ఎన్నో విచారణల్లో ఆ సభవారు పూజ ముగిశాక మంచం పట్టిన ముసలమ్మల ఇళ్లకు బియ్యం పట్టుకెళతారు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెబుతారు. పక్కన కూర్చుని జపమాల చెబుతారు. ఆ ముసలమ్మలకు ఆసరా దొరుకుతుంది. వెళ్లినవారికి, తమ అవసరం ఒకరికి ఉందన్న ధైర్యం దొరుకుతుంది.

మీకు దిగులుగా ఉందా? ఆ ధైర్యం మీకూ కావాలా? ప్రార్థించండి. ఆపై మీ విచారణ గురువు దగ్గరకు వెళ్లి, "నాకేదైనా పని చెప్పండి, ఫాదర్" అని అడగండి.