పరుపు ఎవరి కోసం?

ప్రాచీన స్లావిక్ భాషలో పడకకు ‘పొస్తెల్య’ అనే స్త్రీలింగ పదం ఉండేదని భాషావేత్తలు పునర్నిర్మించారు. పరచడమనే అర్థమున్న ‘స్తెల్’ ధాతువుకు ‘పొ’ ఉపసర్గ చేరి ఏర్పడిన నామవాచకమది. 1960ల్లో చెకోస్లొవేకియా సహకారంతో మన రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం కడుతున్నప్పుడు వచ్చిన చెక్ నిపుణుల భాషలో పడక నేటికీ ‘పొస్తెల్’.

ఆ స్లావిక్ భాషా కుటుంబంతో ఏ చుట్టరికమూ లేని తెలుగూ ఇదే దారి పట్టింది. పిలుచు నుంచి పిలుపు, తలచు నుంచి తలపు వచ్చినట్టే పరచు నుంచి పరుపు వచ్చింది. తలచడం మానితే తలపు లేదు. అలాగే పరచినంతసేపే పరుపు. వ్యాకరణం దాన్ని క్రియకు బిడ్డగానే చూస్తుంది.

పరచినది ఎవరి కోసం? చైతన్యరూపుడైన పురుషుడు ఉన్నాడనడానికి సాంఖ్య దర్శనం ఇక్కడే తన ప్రమాణాన్ని నిలిపింది. భాగాలు కూడి ఏర్పడినదేదైనా పరార్థమే అంటుంది ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక. గౌడపాద భాష్యం అందుకు మంచాన్నే దృష్టాంతంగా తీసుకుంది. పరుపు, దుప్పటి, దిండు ఒకదాని కోసం ఒకటి లేవు. పడుకునేవాడి కోసం ఉన్నాయి. పంచభూతాలు కూడిన దేహమూ అంతే. అది పురుషుని కోసం పరచిన పక్క.

పటాన్‌చెరు దగ్గరి పాశమైలారం పారిశ్రామికవాడ కార్మికుల అద్దె గదుల్లో ఈ సత్యం రోజూ కనిపిస్తుంది. పగటి షిఫ్టుకు వెళ్లేవాడు దుప్పటి దులిపి మడిచి, చాప చుట్టి గోడకు ఆనిస్తాడు. రాత్రి షిఫ్టు దిగినవాడు అదే జాగాలో తన చాప పరుస్తాడు. ఆ జాగా ఇద్దరికీ ఆశ్రయం, ఎవరికీ సొత్తు కాదు.

శాసనాలు పొట్టలకెరె అని పిలిచిన ఈ పటాన్‌చెరు ఒకనాటి జైన కేంద్రం. జైనులు ఆహారాన్ని క్రమంగా విడిచి మరణాన్ని ఆహ్వానించే సల్లేఖన వ్రతంలో సాధకుడి చివరి పక్కను ‘సంస్తరం’ అన్నారు. పరచడమనే అర్థమున్న ‘స్తృ’ ధాతువు నుంచి వచ్చిన మాటే. నేల, రాయి, చెక్క, గడ్డి: ఇవే దానికి తగినవన్నారు. ఆ మాట నుంచే వ్రతానికి ‘సంథారా’ అని పేరొచ్చింది. బతుకంతా పరుచుకున్నవాటిని ఒక్కొక్కటిగా చుట్టివేసినవాడికే ఆ పక్క తగినది.

చుట్టడం చివరి రోజున నేర్చుకునే విద్య కాదు. ఈ రాత్రి పక్క వేసుకునేటప్పుడు, పగలంతా ‘నాది’ అని పరుచుకున్నదాంట్లో ఒక్కటైనా చుట్టి పక్కన పెట్టండి. సాధన అక్కడే మొదలవుతుంది.