ఉల్లేఖనం – ఋణమా, సాక్ష్యమా? : సాదా పాఠ్య రచనలో ఆధార సూచికల యాంత్రీకరణపై నైతిక పరిశీలన

ఉల్లేఖన పద్ధతి గురించిన చర్చ మన పరిశోధన పద్ధతుల గ్రంథాల్లో సాధారణంగా క్రమానికి సంబంధించిన చర్చగానే ఉంటుంది. పేరు ముందు రాయాలా, సంవత్సరం ముందు రాయాలా, పుట సంఖ్య ఎక్కడ చేర్చాలి అన్నవి అక్కడి ప్రశ్నలు. ఈ క్రమాన్ని కూర్చే పనిని కంప్యూటరుకు అప్పగించగలిగిన తర్వాత ప్రశ్న స్వరూపం మారింది. యంత్రం చేయగలిగినదంతా చేసిన తర్వాత పరిశోధకునికి మిగిలే బాధ్యత ఏమిటి? ఉల్లేఖనంలో నైతికమైన అంశం ఎక్కడ ఉంది? ఈ వ్యాసం ఆ మిగులును నిర్ణయించడానికి ప్రయత్నిస్తుంది.

ముందుగా యంత్రం పనితీరును గమనించాలి. సాదా పాఠ్యం అంటే అలంకరణ సంకేతాలేవీ దాచుకోని, ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే అక్షరాల వరుస. అందులో రాసే పరిశోధకుడు గ్రంథ వివరాలను వేరొక ఫైలులో ఒకసారి నమోదు చేసి, ప్రతి గ్రంథానికీ ఒక గుర్తింపు పదం పెట్టుకుంటాడు. వ్యాసంలో ఆ పదాన్ని మాత్రమే రాస్తాడు. చివరకు పరికరం ఆ పదం ఉన్న చోట ఉల్లేఖనాన్ని, వ్యాసాంతంలో ఉపయుక్త గ్రంథ సూచికను కూర్చిపెడుతుంది. 1985లో ఓరెన్ పటాష్నిక్, లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన బిబ్‌టెక్ ఈ పద్ధతికి పునాది వేసింది. 2006లో వెలువడిన పాన్‌డాక్ దీన్ని సాదా పాఠ్యానికి మరింత దగ్గర చేసింది. దాని కర్త జాన్ మెక్‌ఫార్లేన్ తత్త్వశాస్త్ర ఆచార్యుడు కావడం గమనార్హం. ఈమ్యాక్స్ అనే పాఠ్య సంపాదకంలోని ఆర్గ్ మోడ్ 2021లో తన 9.5 వెర్షన్‌తో ఉల్లేఖన వ్యవస్థను తనలోనే చేర్చుకుంది. ఇవన్నీ ఉచితంగా దొరికేవే. అద్దె గదిలో, పాత ల్యాప్‌టాప్‌పై సిద్ధాంత గ్రంథం రాసుకునే విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు.

యంత్రం కూర్చేది ఉల్లేఖన రూపాన్ని. దాని ధర్మం ఏమిటో తెలుసుకోవడానికి మన సాహిత్య సంప్రదాయమే రెండు నమూనాలను ఇస్తుంది. మొదటిది కృత్యాదిలోని పూర్వకవి స్తుతి. కవి తన ముందటివారిని పేరు పెట్టి తలచుకోవడం ఋణాన్ని అంగీకరించడం. భారతాంధ్రీకరణలో తనకు తోడ్పడిన నారాయణభట్టును నన్నయ స్మరించడం ఈ కోవకు చెందినదే. రెండవది లక్షణ గ్రంథాల, సంకలన గ్రంథాల పద్ధతి. అక్కడ పూర్వకవి పద్యం గౌరవార్థం రాదు, ప్రమాణంగా వస్తుంది. మడికి సింగన సకలనీతిసమ్మతంలో తాను గ్రహించిన పద్యాలకు మూల గ్రంథాలను పేర్కొన్నాడు. ముద్రామాత్యం వంటి కావ్యాలు లుప్తమైనా వాటి పద్యాలు కొన్ని మనకు మిగిలింది ఆ నమోదు వల్లనే. సింగన మూలాన్ని చెప్పకుండా పద్యాలను మాత్రమే ఇచ్చి ఉంటే పద్యాలు మిగిలేవి, ముద్రామాత్యం అనే కావ్యం ఉండేదన్న జ్ఞానం మిగిలేది కాదు.

మొదటి నమూనాలో ఉల్లేఖనం ఋణం. అది రచయిత పట్ల బాధ్యత. రెండవ నమూనాలో అది సాక్ష్యం. అది పాఠకుని పట్ల బాధ్యత. ఈ రెండూ ఒకటి కావని చెప్పడానికి ఎఱ్ఱన ఉదాహరణ చాలు. అరణ్యపర్వ శేషాన్ని ఆయన నన్నయ రచనే అన్నట్లు, రాజరాజనరేంద్రునికే అంకితంగా పూరించాడు. ఋణం తీర్చుకోవడంలో ఇంతకు మించిన వినయం ఊహించలేం. పూరించినవాడిని తానేనని పర్వాంతంలో చెప్పుకున్నాడు కూడా. అయినా రెండు శైలులు కలిసిన సంధి ఎక్కడ ఉందో తేల్చే పని తరువాతి పండితులకు మిగిలింది. కావ్యంలో ఆ అస్పష్టత గుణమే. పరిశోధనలో అదే దోషమవుతుంది, ఎందుకంటే అక్కడ పాఠకుడు రసాస్వాదనకు గాక నిర్ధారణకు వస్తాడు.

సాక్ష్యంగా ఉల్లేఖనం ఎంత అవసరమో తెలియాలంటే విశ్వవిద్యాలయం దాకా వెళ్లనక్కరలేదు. ఉస్మానియాకు ఆనుకుని ఉన్న అంబర్‌పేట్ గదుల్లోనూ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాల్లోనూ చదివే ఉద్యోగార్థులను గమనించవచ్చు. వారు చేతపట్టుకునే గైడ్లలో, జిరాక్స్ నోట్సులో ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో చాలావరకు ఉండదు. బోధనకు ఆ లోటు అడ్డు రాదు. అయితే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రాథమిక కీ వెలువడి, ఒక జవాబు తప్పని అభ్యర్థికి అనిపించిన రోజున పరిస్థితి మారిపోతుంది. అభ్యంతరానికి ఆధారం జతచేయాలి. గ్రంథకర్త, ముద్రణ, పుట, ప్రచురణకర్త చెప్పాలి. అప్పుడు అందరూ తెలుగు అకాడమీ పుస్తకం కోసం వెతుకుతారు. ఒక మార్కు, దానితో ఒక ఉద్యోగం ఆ పుట సంఖ్యపై ఆధారపడుతుంది. న్యాయశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే శబ్దం ప్రమాణం కావాలంటే అది ఆప్తవాక్యం కావాలి. ఆప్తుడెవరో తెలియని వాక్యం నిజమైనా కావచ్చు, ప్రమాణం మాత్రం కాలేదు.

ఈ రెండు బాధ్యతల దృష్టితో చూసినప్పుడు పరికరం పూర్తిగా తటస్థమైనది కాదని తెలుస్తుంది. బిబ్‌టెక్ కామా లేకుండా రాసిన పేరులోని చివరి మాటను ఇంటిపేరుగా భావిస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ అని రాస్తే అది సత్యనారాయణను ఇంటిపేరుగా తీసుకుని, విశ్వనాథను పొడి అక్షరంగా కుదించగలదు. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుందన్న సంగతి దానికి తెలియదు. పొడి అక్షరాల విషయంలో మరొక చిక్కు ఉంది. యూనికోడ్‌ను నిల్వచేసే యూటీఎఫ్-8 విధానంలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. తొలినాటి బిబ్‌టెక్ ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా లెక్కించేది గనుక కుదించిన పేరు అక్షరమే కాకుండా పోతుంది. ‘శ్రీ’ వంటి సంయుక్తాక్షరం అనేక సంకేతాల కలయిక కావడం వల్ల చిక్కు ఇంకా పెరుగుతుంది. ఇవి సాంకేతిక లోపాలుగా కనిపించినా వాటి ఫలితం నైతికమైనది. ఋణదాతను తన పేరుతో పిలవలేని ఋణ స్వీకారం అసంపూర్ణం. ఆరుద్రను ఆరుద్రగా నమోదు చేయాలా, భాగవతుల శంకరశాస్త్రిగా నమోదు చేయాలా అన్నదీ ఇటువంటి ప్రశ్నే. కలం పేరు రచయిత తాను ఎంచుకున్న పేరు. దాన్ని దాటి వెళ్లే హక్కు సూచికకు ఉందా అని ఆలోచించాలి.

‘కర్త’ అనే గడి మరొక సమస్యను తెస్తుంది. ఉస్మానియాలో 1950వ దశకంలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసిన నాటి నుంచి మౌఖిక సాహిత్యం మన శాఖల్లో ప్రధాన రంగం. పాటకు కర్త ఉండడు, పాడినవారు ఉంటారు. గడి ఖాళీగా వదిలితే కొన్ని శైలులు అక్కడ గ్రంథనామాన్ని నింపుతాయి. సేకర్త పేరు రాస్తే పాట సేకర్తదిగా కనిపిస్తుంది. పాడిన మనిషి సూచికలో ఎక్కడా కనిపించదు. యంత్రం అన్యాయం చేయాలని చేయదు. అది ముద్రిత గ్రంథాన్ని ఆదర్శంగా పెట్టుకుని తయారైంది, ఆ ఆదర్శంలో ఇమడనివారికి చోటు చూపలేదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. చేత్తో సూచిక రాసుకున్న కాలంలో పరిశోధకుడు ప్రతి గ్రంథాన్నీ ముట్టుకునేవాడు. ఇప్పుడు ఇతరుల ఫైలు నుంచి నూరు నమోదులను క్షణంలో దించుకోవచ్చు. కాబట్టి సౌలభ్యమే అసత్యానికి దారి తీస్తుందని ఆ వాదం. ఇందులో సత్యాంశం ఉంది. కానీ చూడని గ్రంథాన్ని చూసినట్లు చూపడం యంత్రంతో పుట్టిన దోషం కాదు. సైన్సు పత్రాల్లో ఉల్లేఖనాల అచ్చుతప్పులు ఒకరి నుంచి మరొకరికి అలాగే సంక్రమించడాన్ని సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే పరిశోధకులు 2003లో విశ్లేషించి, ఉల్లేఖించినవారిలో మూలాన్ని చదివినవారు సుమారు 20 శాతమేనని అంచనా కట్టారు. పాత సూచిక నుంచి కొత్త సూచికకు తప్పుతో సహా ఎత్తి రాసుకోవడం కాగితం కాలంలోనూ ఉన్న అలవాటే. యంత్రం దాని వేగాన్ని పెంచింది.

పైగా, సాదా పాఠ్యం ఈ దోషానికి మందును కూడా తనలో ఉంచుకుంది. నమోదు ఫైలును ఎవరైనా తెరిచి చదవగలరు. దానికి కొత్త గడిని చేర్చుకునే స్వేచ్ఛ ఉంది. మూలాన్ని స్వయంగా చూశారా, ఇతరుల గ్రంథం ద్వారా గ్రహించారా? ఏ ముద్రణను, ఏ గ్రంథాలయ ప్రతిని చూశారు? పాట అయితే పాడినది ఎవరు, పేరు వెల్లడికి వారు అంగీకరించారా? ఈ వివరాలకు చోటు కల్పించడం పెద్ద సాంకేతిక శ్రమ కాదు. సైటేషన్ స్టైల్ లాంగ్వేజ్ అనే ఉల్లేఖన భాష కోసం రాసే నమోదుల్లో పేరును ముక్కలు చేయకుండా యథాతథంగా ఉంచే వీలు ఇప్పటికే ఉంది. బిబ్‌టెక్‌లోనూ పేరు మొత్తాన్ని మరొక జత కుండలీకరణాల్లో ఉంచితే అది చీలదు. తెలుగు శాఖలు తమ పద్ధతికి తగిన ఒక ఉమ్మడి శైలిని నిర్ణయించి పరిశోధకులకు అందిస్తే, ఈ జాగ్రత్తలు ఒక్కొక్కరి ఓపికపై ఆధారపడకుండా శాఖ అలవాటుగా మారతాయి.

అయినా ‘స్వయంగా చూశాను’ అన్న గడిని నింపేది మనిషే. అది నిజమో కాదో యంత్రానికి తెలిసే మార్గం లేదు. కామా ఎక్కడ పెట్టాలన్నది పరికరం చెబుతుంది, వరుసను పరికరం కూరుస్తుంది, పుట సంఖ్య దగ్గర మాత్రం పరిశోధకుడు ఒంటరిగా నిలబడతాడు. ఉల్లేఖనం ఋణమూ, సాక్ష్యమూ కూడా. ఋణపత్రంలో పేరు సరిగా ఉండేలా పరికరాన్ని సవరించుకోవడం మన ఉమ్మడి పని. సాక్ష్యం మాత్రం ఎవరికి వారు పలకవలసినదే, ఎందుకంటే చూడనిదాన్ని చూశానని చెప్పినవాని వాక్యం ఎంత శుద్ధమైన సూచికలో అచ్చయినా ఆప్తవాక్యం కాదు.