మోకాలు కోలుకునే దాకా

మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఒక ఉపాసిక ఈమధ్య ఒక ప్రశ్న అడిగింది. "నొప్పి మాత్ర వేసుకుంటే ఖంతి తప్పినట్టేనా?" ఆమెకు అరవై దాటాయి. పాక్షిక మోకీలు మార్పిడి జరిగి పది వారాలైంది. డాక్టరు రాసిచ్చిన మాత్రలు తనంతట తనే మానేసింది. రాత్రంతా పళ్లు బిగబట్టి పడుకుంటుంది. పొద్దున కొడుకు "ఎలా ఉందమ్మా?" అని అడిగితే "బాగానే ఉంది నాయనా" అంటుంది. ఖంతి పది పారమితల్లో ఒకటి గదా, ధమ్మంలో ఉన్నదాన్ని ఆ మాత్రం ఓర్చుకోలేకపోతే ఎట్లా అని ఆమె వాదన.

ఆమె పట్టుదలను తప్పు పట్టలేం. కానీ ఓర్చుకోవడం అంటే నొప్పిని దాచుకోవడమేనా, మందు మానేయడమేనా అన్నది తేల్చుకోవాలి. ఇది ఒక్క మోకాలి సంగతి కాదు. దీర్ఘకాలం మంచాన పడిన ప్రతి మనిషికీ, ఆ మనిషిని చూసుకునే ప్రతి ఇంటికీ ఎదురయ్యే ప్రశ్నే.

ముందు మోకాలి సంగతి చూద్దాం. మోకీలులో మూడు భాగాలుంటాయి: లోపలి వైపు, బయటి వైపు, చిప్ప వెనక. గుజ్జు ఒక్క భాగంలోనే అరిగిపోయి, లిగమెంట్లు గట్టిగా ఉంటే ఆ ఒక్క భాగాన్నే మారుస్తారు. అక్కడ ఎముకల చివరలు కొంచెం చెక్కి లోహపు తొడుగులు బిగిస్తారు, మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెడతారు. మొత్తం మార్చడం కన్నా ఇది చిన్న ఆపరేషన్. కోలుకోవడం కూడా సాధారణంగా త్వరగానే ఉంటుంది. చిక్కంతా ఆ "త్వరగా" అనే మాటలోనే ఉంది. సగమే మార్చారు గదా, సగం రోజుల్లో తగ్గిపోవాలి అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, రోగి కూడా అనుకుంటాడు. ఎముకకు ఆ లెక్కలు తెలియవు. కుట్లు మానినంత మాత్రాన లోపల మానినట్టు కాదు. వాపు, వేడి నెలల తరబడి ఉండొచ్చు. తొడ కండరం నీరసించిపోతుంది. మచ్చకు బయటి పక్కన చర్మం మొద్దుబారి ఉంటుంది. ఆరు వారాలకు కర్ర వదిలేసేవాళ్లుంటారు, మూడు నెలలకూ మెట్లు దిగలేనివాళ్లుంటారు. ఏడాది దాకా కొద్దికొద్దిగా మెరుగవుతూనే ఉంటుంది.

ఇక ధమ్మం ఏం చెబుతుందో చూద్దాం. సంయుత్త నికాయంలోని రెండు బాణాల ఉపమానం మనలో చాలామందికి తెలిసిందే. శరీరానికి తగిలిన నొప్పి మొదటి బాణం. దాన్ని పట్టుకుని కుమిలిపోవడం మనకు మనం పొడుచుకునే రెండో బాణం. ఈ ఉపమానం చెప్పి రోగి నోరు మూయించే పెద్దమనుషులు కొందరున్నారు. "నొప్పి అంతా మనసులోనే ఉందమ్మా" అంటారు. బుద్ధుడు అలా అనలేదు. ధమ్మం తెలిసినవాడికి కూడా మొదటి బాణం తగులుతుందనే చెప్పాడు. మోకాలి వాపు మొదటి బాణం. పక్క వీధి ఆయన నెలకే స్కూటర్ తోలాడు, నాకేమైంది అనుకోవడం రెండోది. మనలాంటి ఉపాసకులకు ఇంకో బాణం కూడా సిద్ధంగా ఉంటుంది. నిజంగా సాధన చేసినదాన్నయితే నాకింత బాధ ఉండకూడదు అనే ఆలోచన అది. వినయంలా కనిపిస్తుంది గానీ, దాని వెనక ఉన్నది అహమే. ఆ ఉపాసికను రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది మోకాలి కన్నా ఎక్కువగా ఇదేనని నా అనుమానం.

రోగి ఎలా ఉండాలో బుద్ధుడు విడిగా చెప్పాడు. వినయ పిటకం మహావగ్గలో ఒక సంఘటన ఉంది. విరేచనాలతో, తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును ఎవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు స్వయంగా నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఇద్దరూ ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ సందర్భంలోనే, ఎలాంటి రోగికి సేవ చేయడం తేలికో ఐదు లక్షణాలు చెప్పాడు. తనకు మేలు చేసేదే చేయాలి. ఆ మేలు చేసేదాంట్లోనూ మోతాదు తెలిసి ఉండాలి. మందు వేసుకోవాలి. సేవ చేసేవారికి జబ్బు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: ఎక్కువైతే ఎక్కువైందని, తగ్గితే తగ్గిందని, మార్పు లేకపోతే లేదని. చివరిగా, శరీరంలో పుట్టే నొప్పులను ఓర్చుకోవాలి.

వరస చూడండి. ఓర్పు చివర ఉంది. అంతకు ముందే మందు ఉంది, నిజం చెప్పడం ఉంది. ఓర్పు మొదటి మెట్టయి ఉంటే మందు అవసరమే లేదు గదా! చేయగలిగినదంతా చేశాక ఇంకా మిగిలే నొప్పి ఒకటుంటుంది. ఓర్చుకోవలసింది దాన్ని. మాత్రతో తగ్గే నొప్పిని మాత్ర మానేసి మోయడం ఖంతి లెక్కలోకి రాదు. పైగా మోకాలి విషయంలో దానివల్ల నష్టం కూడా ఉంది. నొప్పికి భయపడి కాలు వంచకపోతే కీలు బిగుసుకుపోతుంది. వ్యాయామానికి కొంచెం ముందు మాత్ర వేసుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే. ఆ మాత్ర సుఖం కోసం కాదు, పని జరగడం కోసం.

"బాగానే ఉంది నాయనా" అన్న మాట సంగతి కూడా చెప్పుకోవాలి. కొడుకును బాధపెట్టకూడదనే తల్లి ప్రేమ అది, కాదనను. కానీ పంచశీలలో నాలుగోది ముసావాదం విడిచిపెట్టడం. ఇక్కడ అది శీలం మాటే కాదు, వైద్యం మాట కూడా. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వస్తే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. జ్వరం, కుట్ల దగ్గర చీము వస్తే అదే రోజు చూపించాలి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. అన్నిటికీ బాగానే ఉందనే ఇంట్లో ఈ కబురు ఎవరికి తెలుస్తుంది?

కొందరికి ఐదో శీలం గురించి సందేహం. గట్టి నొప్పి మాత్రలు మత్తుగా ఉంటాయి, సురామేరయ శీలం చెడదా అంటారు. మహావగ్గలోనే దీనికి జవాబుంది. పిలిందవచ్ఛుడనే భిక్షువుకు వాత రోగం వస్తే, మద్యం కలిపి కాచిన నూనెను వైద్యులు సూచించారు. బుద్ధుడు ఒప్పుకున్నాడు. కొందరు భిక్షువులు మద్యం ఎక్కువ పోసి కాచుకుని మత్తెక్కారు. అప్పుడు హద్దు పెట్టాడు: మద్యం రంగు, వాసన, రుచి తెలియనంత కొద్దిగా ఉంటేనే తాగాలి. ఎక్కువైన నూనెను పారబోయమనలేదు, ఒంటికి రాసుకోమన్నాడు. ఎంత ఆచరణాత్మకమైన మనిషో చూడండి. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వేసుకున్నది మందే. నొప్పి లేకపోయినా ఆ మత్తు కోసం చెయ్యి సాచినప్పుడు శీలం గురించి ఆలోచించాలి.

మోతాదు మాట వ్యాయామానికీ వర్తిస్తుంది. మొండివాళ్లు ఫిజియోథెరపిస్టు పదిసార్లు వంచమంటే ముప్పైసార్లు వంచుతారు. సాయంత్రానికి మోకాలు కుండలా ఉబ్బుతుంది, మర్నాడు అసలు కదపలేరు. పాదాలు నెత్తురోడేలా చంక్రమణం చేసిన సోణుడికి బుద్ధుడు వీణ తీగల ఉపమానం చెప్పింది ఇలాంటి మొండితనం గురించే. తీగ మరీ బిగిసినా పలకదు, మరీ వదులైనా పలకదు. మర్నాటి వాపే ఆ బిగువును కొలిచి చెబుతుంది.

అయినా నెమ్మదిగానే తగ్గుతుంది. మరేం చేయాలి? అంగుత్తర నికాయంలో బుద్ధుడు రైతు మాట చెప్పాడు. రైతు ఆలస్యం చేయకూడని పనులు మూడు: దున్నడం, విత్తడం, నీరు పెట్టడం. ఇవాళే మొలకెత్తాలి, రేపు పొట్టకు రావాలి, ఎల్లుండి పండాలి అని పైరును శాసించే శక్తి మాత్రం అతనికి లేదు. మడమ జరపడం, తొడ బిగించడం, ఐస్ పెట్టుకోవడం, నిద్రపోవడం రోగి చేతిలో ఉన్న పనులు. ఎన్నో వారానికి కర్ర వదలాలన్నది ఆమె చేతిలో లేదు. రోజూ పొద్దున్నే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వెతకడం వృథా ప్రయాస. వడ్రంగి బాడిసె పిడి ఇవాళ ఇంత అరిగింది, నిన్న అంత అరిగింది అని చెప్పలేడు. అరిగిపోయాక వేళ్ల గుర్తులు చూసి తెలుసుకుంటాడు. ఈ ఉపమానం కూడా బుద్ధుడిదే. నెలకోసారి చూసుకుంటే చాలు.

అంతా చేసినా కొందరి మోకాలు అనుకున్నంత బాగుపడదు. ఇది కూడా దాచకుండా చెప్పాలి. ముసలితనంతో, రోగంతో వచ్చిన నకులపితకు శరీరం బాగవుతుందని బుద్ధుడు హామీ ఇవ్వలేదు. శరీరం రోగంతో ఉన్నా మనసు రోగగ్రస్తం కాకుండా చూసుకోవడం నేర్చుకోమన్నాడు. నకులపిత ఆ మాట విని తేలికపడి వెళ్లాడు. శరీరం గురించి అబద్ధపు ఓదార్పు లేకపోవడం వల్లనే ఆ మాట ఆయనకు ఆనింది అనిపిస్తుంది నాకు.

ఆ ఉపాసికకు ఇంకో దిగులుంది. ముప్పై ఏళ్లుగా నేల మీద బాసింపట్టు వేసుకుని ధ్యానం చేసిన మనిషి. ఇప్పుడు అందరూ కింద కూర్చుంటే తను బుద్ధ విగ్రహం ఎదుట కుర్చీలో ఎలా కూర్చోవడం? అందుకే విహారానికే రావడం మానేసింది. కపిలవస్తులో శాక్యుల కొత్త సభామందిరంలో బుద్ధుడు తన నడుము నొప్పిగా ఉందని అందరి ముందే చెప్పి, ఆనందుణ్ణి బోధించమని, తాను కుడి పక్కకు తిరిగి పడుకున్నాడు. ఆయనకు లేని మొహమాటం మనకెందుకు? నడిచినా, నిలబడినా, కూర్చున్నా, పడుకున్నా సతి ఉండవచ్చని సతిపట్ఠాన సుత్తం చెబుతూనే ఉంది. మోకాళ్ల మీద వంగి వందనం చేయడం ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి కష్టం, కొందరికి ఎప్పటికీ కుదరదు. నిలబడి చేతులు జోడిస్తే సరిపోతుంది.

ఇందులో విహారం నడిపేవాళ్ల బాధ్యత కూడా ఉంది. గోడ పక్కన నాలుగు కుర్చీలు ముందే వేసి ఉంచాలి. కావాలని ఎవరి చేతా అడిగించుకోకూడదు. చేతులున్న కుర్చీలైతే మంచిది, లేచేటప్పుడు పట్టు దొరుకుతుంది.