టేకుచేప ముల్లు – హింసావిచారము

ఎఱ్ఱసముద్రము మొదలు సాలమన్ ద్వీపములవఱకు పగడపుదిబ్బల నాశ్రయించి, పోటువేళ ఇసుకమేటలపై నత్తలను, పీతలను భక్షించి, పాటువేళ మరల పగడపు నెఱియలలో డాఁగుకొను నీలిచుక్కల టేకుచేపకు, సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పుగల ఆ సుకుమారదేహమునకు, కరుణామయుఁడైన కర్త తోకపై విషకంటకము నేల యొసఁగెను? ఆస్తికులను సయితము కలఁచు ప్రశ్న యిది.

ఆ ముల్లు వేటకు గాదు. త్రొక్కినవారిని, పట్టఁబోయినవారిని వారించుటకే. అంతకంటె ఆశ్చర్యమేమనఁగా, ఆ తల్లి కడుపులోని పిండము మొదట పచ్చసొనను, అది తీఱిన పిమ్మట గర్భాశయము స్రవించు పాలవంటి ద్రవమును గ్రహించి పెరుగును; ఒక కాన్పున ఏడు పిల్లలవఱకు కలుగును. క్షీరమును విషమును ఏకశరీరమున నిట్లు వసించుచుండఁగా, క్రోధమెఱుఁగని ఆయుధమును హింస యనుట నాకు సమ్మతము గాదు; సంకల్పము లేనిచోట పాపము లేదు. సంకల్పము గల మానవుఁడు దాని వర్ణములకు ముగ్ధుఁడై గాజుతొట్టిలో నిర్బంధింపఁగా, అది తఱచుగా ఆహారము మాని మరణించుచున్నది.