దూరదర్శనము – గృహధర్మము

తార్నాక అను పేరు ఒకనాటి తీగకంచెను, కావలి నాకాను బట్టి వచ్చినదని హైదరాబాదువారు చెప్పుకొందురు. నేడా కంచె లేదు. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము, వేరొకవైపు అంతస్తులుగా లేచిన గృహములు. కంచె ఇప్పుడు ఇంటిలోని టెలివిజనుకు కావలసివచ్చినది.

ఇందుకై ప్రభుత్వము మొదట ప్రసారము చేయువానినే కట్టడి చేసినది. బాలలు అధికసంఖ్యలో చూచు వేళలయందు వారికి తగని కార్యక్రమములు చూపరాదని 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమములు శాసించినవి. ఇంటర్నెట్ ద్వారా వచ్చు చిత్రములకు వేళ యనునది లేదు. కోరినవాడు కోరినప్పుడు చూచును. కావున 2021 ఫిబ్రవరిలో వెలువడిన నియమములు వానిని వయస్సును బట్టి అయిదు తరగతులుగా విభజించి, 13 ఏండ్ల తరగతి మొదలు పైవానికి తల్లిదండ్రులు వేసికొనదగిన తాళమును సమకూర్పవలెననినవి. పెద్దలకు మాత్రమే యగు చిత్రములకు వయోనిర్ధారణయు ఉండవలెను.

ఇచ్చట ఒక్క మాట గమనింపదగినది. నియమము తాళమును సమకూర్పుమన్నదే గాని వేసియుంచుమనలేదు. వేయుట గృహస్థుని వంతు. ఉదయము వెడలి రాత్రికి ఇల్లు చేరు దంపతులు ఆ రహస్యసంఖ్యను అమర్చుటకు పిలుచునది తరచుగా తమ పదునాలుగేండ్ల కుమారునే! తాళము వేయువాడును, ఎవనికై వేయుచున్నారో వాడును ఒక్కడే యగును.

అట్లని ప్రభుత్వమే ప్రతి యింటను తాళము వేసియుంచిన మేలా? మరణమును గూర్చియో, కులవైరమును గూర్చియో తీసిన చిత్రమును బాలుడు ఒంటరిగా చూచుట వేరు, తండ్రి ప్రక్కన కూర్చుండి చూచుట వేరు. ఈ భేదము వయస్సు అంకెకు తెలియదు. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్‌తో కూడిన ఆరు రాష్ట్రములలో, 2400 గ్రామములలో ఉపగ్రహము ద్వారా టెలివిజను చూపినప్పుడు ఊరంతకు ఒక్కటే పెట్టె. పిన్నలు, పెద్దలు కలిసి చూచిరి. పెద్దల సన్నిధియే నాడు కావలి. అదియు నిర్దోషము కాదు. సన్నిధి కొన్నిమార్లు సిగ్గును నేర్పునే గాని వివేకమును నేర్పదు.

తార్నాక బాలుడు పదునెనిమిదవ ఏట ప్రాంగణములోని వసతిగృహమున చేరినచో, తండ్రి వేసిన తాళము ఇంటనే నిలిచిపోవును. ఏల వేసితిరని వాడు పదేండ్లనాడు అడిగినప్పుడు లభించిన సమాధానము మాత్రమే వాని వెంట వచ్చును. పెక్కు ఇండ్లలో ఆ సమాధానము “నీకెందుకు, ఊరుకో” యనునదే.