చేరేముందు ఆసుపత్రి చూడు తల్లీ

వేంసూరు.

మనవరాలికి,

ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయ్యావు. నీట్‌లో ఎంబీబీఎస్‌కు సరిపడా ర్యాంకు రాలేదని దిగులు పడి, ఇప్పుడు మెడికల్ ఇమేజింగ్ డిగ్రీ మీద మనసు పెట్టావని మీ అమ్మ చెప్పింది. ఇంట్లో మాత్రం రెండు అభ్యంతరాలు లేచాయట. బాబాయేమో “ఎక్స్‌రే బటన్ నొక్కడానికి నాలుగేళ్ల చదువెందుకు” అంటున్నాడు. నాయనమ్మకు ఆ కిరణాలు ఒంటికి తగిలితే రేపు పిల్లలు పుడతారా అన్న భయం. రెండిటికీ జవాబుంది. అంతకంటే ముందు తాతయ్యకు చెప్పాలని ఉన్నది ఒకటే. ఏ కాలేజీలో చేరాలన్న నిర్ణయం నీ ఒక్కదాని బతుకుతో ఆగేది కాదు. పని నేర్పని చోట పట్టా పుచ్చుకుంటే ఆ నష్టం మీ నాన్న కట్టిన ఫీజుతో పోదు, రేపు నీ ముందు నిలబడే రోగి మీద పడుతుంది.

బాబాయి చెప్పిన బటన్ సంగతి చూద్దాం. ఖమ్మం గ్రానైట్ ఫ్యాక్టరీలో రాయి కోసే కూలీ ఒకతను దగ్గుతో ఆసుపత్రికి వచ్చాడనుకో. రాతిదుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు సిలికోసిస్ వస్తుంది, అది ఉన్నవాళ్లకు టీబీ ముప్పు కూడా ఎక్కువ. రెండిట్లో ఏది అనుమానించినా డాక్టరు ముందు రాసేది ఛాతీ ఎక్స్‌రేనే. అతన్ని ప్లేటుకు ఛాతీ ఆనించి నిలబెట్టాలి. చేతులు నడుం మీద పెట్టించి భుజాలు ముందుకు తిప్పించాలి. లేకపోతే రెక్క ఎముకల నీడ ఊపిరితిత్తుల మీద పడుతుంది. ట్యూబు ఆరడుగుల దూరంలో ఉండాలి. గాలి నిండా పీల్చి బిగబట్టమనాలి. సరిగ్గా పీలిస్తే వెనకవైపు పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు వస్తాయి, సగం పీలిస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. అదే మనిషిని పడుకోబెట్టి ముందువైపు నుంచి తీస్తే గుండె ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది. ఇక కుడి, ఎడమ గుర్తు తారుమారైతే చెప్పేదేముంది? రిపోర్టు రాసే రేడియాలజిస్టు చాలాసార్లు రోగి ముఖం కూడా చూడడు. టెక్నాలజిస్టు పంపిన ఫిల్ములో ఏముంటే ఆయనకు అదే రోగి.

ఇంకొకటి, ఇది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. మన పల్లెల ఆడవాళ్లు పుస్తెల తాడుకు పిన్నీసులు తగిలించుకుంటారు. ఛాతీ ఎక్స్‌రేలో పుస్తెలు, నల్లపూసలు, పిన్నీసులు అన్నీ తెల్లగా అడ్డం పడతాయి. ఎమ్మారై గదిలోనైతే అదే ఇనప పిన్నీసు ఎగిరొచ్చి ఒంటికో కంటికో గుచ్చుకోవచ్చు. అక్కడి అయస్కాంతం స్కాన్ లేనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబై నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లిన యువకుణ్ని యంత్రం సిలిండరుతో సహా లాగేసింది, అతను ప్రాణాలు పోగొట్టుకున్నాడు. కాబట్టి పుస్తెలు తీయించక తప్పదు. కానీ పెళ్లినాటి నుంచి మెడలో ఉన్న తాడును పదిమంది ముందు తీయమంటే ఏ తల్లి మనసు ఊరుకుంటుంది? పక్కకు పిలిచి, తలుపు వేసి, ఎందుకో చెప్పి, తీసినది వాళ్ల మనిషి చేతిలోనే పెట్టించాలి. గర్భం ఉందేమో అని అడగాల్సింది కూడా అలాగే, ఒక్కతే ఉన్నప్పుడే. అందుకే ఈ పనిలోకి ఆడపిల్లలు ఎక్కువ మంది రావాలని తాతయ్య గట్టిగా కోరుకుంటున్నాడు.

నాయనమ్మ భయం ఒట్టి భయం కాదు, దానికో చరిత్ర ఉంది. రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రేలు కనిపెట్టాక, వాటితో రోజూ ప్రయోగాలు చేసిన ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ చేతులు పుండ్లుపడి, తీసేయాల్సి వచ్చి, చివరకు 1904లో చనిపోయాడు. అలాంటి బలుల తర్వాతే నియమాలు పుట్టాయి. మన దేశంలో 1983 నుంచి అణుశక్తి నియంత్రణ మండలి ఉంది, ఏఈఆర్‌బీ అంటారు. ఈ పనిచేసేవాళ్లకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదని దాని పరిమితి. నేర్చుకునే పిల్లలకైతే 6. గర్భం ఉందని చెప్పిన ఉద్యోగిని కడుపులో బిడ్డకు మిగిలిన నెలలన్నిటికీ కలిపి 1 దాటకూడదు. ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటే ఎంత సోకిందో కొన్ని నెలలకోసారి లెక్క తేలుతుంది. స్విచ్ ఆపితే ఎక్స్‌రే ఉండదు, ఎమ్మారైలో, అల్ట్రాసౌండ్‌లో అసలు ఈ కిరణాలే లేవు. నాయనమ్మకు ఇదంతా నువ్వే చదివి వినిపించు.

అల్ట్రాసౌండ్ అన్నాను కాబట్టి ఒక మాట. గర్భిణుల స్కానింగ్ అర్హత ఉన్న డాక్టరు చేయాల్సిన పని, టెక్నాలజిస్టుది కాదు. పుట్టబోయేది ఆడో మగో కనుసైగతో చెప్పినా 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నేరమే, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. రేపు ఏ సెంటర్ యజమానైనా “కొంచెం చూసిపెట్టమ్మా” అంటే ఆ ఉద్యోగం ఆ పూటే వదిలేసి ఇంటికి వచ్చెయ్యి. ఇంట్లో ఎవరూ నిన్ను పల్లెత్తు మాట అనరు.

ఇక చేరడం గురించి. మన వేంసూరు పేరు మీద ఒకప్పుడు శాసనసభ నియోజకవర్గం ఉండేది, ఇక్కడి నుంచి గెలిచిన జలగం వెంగళరావు గారు 1973లో ముఖ్యమంత్రి అయ్యారు. అయినా ఖమ్మానికి ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో గానీ రాలేదు. కొత్తగూడెంలో అంతకు ముందు ఏడాది మొదలైంది. మీ నాన్న తరానికి లేని దారులు నీకున్నాయి. తెలంగాణలో అలైడ్ హెల్త్ (వైద్య అనుబంధ) డిగ్రీల ప్రవేశాలు చూసేది వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం. రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజీ వాటిలో ఒకటి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. హైదరాబాద్ నిమ్స్ విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది. డిగ్రీ కుదరకపోతే పారామెడికల్ బోర్డు కింద రెండేళ్ల డిప్లొమా ఉంది, అదీ పరువైన చదువే.

నిమ్స్ పేరు వస్తే కాకర్ల సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేం. 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో రేడియాలజీ ప్రొఫెసరుగా ఎదిగిన మనిషి. ఎన్టీ రామారావు గారు పిలిస్తే అక్కడి సంపాదన వదులుకుని వచ్చి నిమ్స్‌ను నిలబెట్టారు. అంత పెద్ద ఆసుపత్రికి పునాది వేసిన డైరెక్టరు రేడియాలజిస్టు. నీ శాఖను చిన్నచూపు చూసేవాళ్లకు ఆయన పేరు చెప్పు.

మన పొలిమేర దాటితే ఆంధ్రప్రదేశ్ కదా, స్థానికత విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి నుంచి 85 శాతం సీట్లు స్థానికులవే. ఇంటర్‌కు విజయవాడ వెళ్లిన సరిహద్దు పిల్లలు ఎంబీబీఎస్ సీట్ల దగ్గర ఎంత అవస్థ పడ్డారో చూశాం. వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. నువ్వు సత్తుపల్లిలోనే చదివావు కాబట్టి చింత లేదు. అయినా స్కూలు నాటి స్టడీ సర్టిఫికెట్లన్నీ ఇప్పుడే తెచ్చి పెట్టుకో. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో తీసుకోవాలి. పల్లెల్లో బీసీ కుటుంబానికి ఏడాది ఆదాయం లక్షన్నర లోపు ఉంటేనే ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుంది. దరఖాస్తులో పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయి.

ఫలితాలు వచ్చిన రోజు నుంచి కాలేజీల పీఆర్వోల ఫోన్లు మొదలై ఉంటాయి. బెంగళూరులో సీటు, వందశాతం ఉద్యోగం, ఈరోజే అడ్వాన్సు కట్టాలి అంటూ అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. పైసా కట్టొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ వదలొద్దు, చూసి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చేయొచ్చు అనేవాళ్ల మాట అసలు వినకు. ఇలాంటి వైద్య అనుబంధ కోర్సులను దూరవిద్యలో నడపొద్దని 2025లో యూజీసీ తేల్చేసింది. 2021లో పార్లమెంటు చేసిన అలైడ్ హెల్త్ చట్టం ప్రకారం చదువు 2000 గంటలకు తగ్గకూడదు. ఆ గంటలు రోగుల మధ్య గడవాలి.

కాబట్టి కాలేజీ భవనం చూసి మురిసిపోవద్దు. దానికి సొంత ఆసుపత్రి ఉందా, ఉంటే ఎన్ని పడకలు, ఓపీలో జనం ఉన్నారా చూడు. సీటీ, ఎమ్మారై అక్కడే ఉన్నాయా, పిల్లల్ని వేరే చోటికి పంపుతారా? ఎక్స్‌రే యంత్రానికి ఏఈఆర్‌బీ లైసెన్సు చూపించమని అడుగు. చదివే పిల్లలకు టీఎల్‌డీ బ్యాడ్జీలు ఇస్తున్నారా? యూనివర్సిటీ అనుబంధ కళాశాలల జాబితాలో ఆ పేరు, ఆ కోర్సు ఉన్నాయా? చివరగా, క్యాంటీన్ దగ్గర మూడో ఏడాది చదివే అమ్మాయిని పట్టుకుని “నీ చేత్తో ఎన్ని ఎక్స్‌రేలు తీశావక్కా” అని అడుగు. ఆ జవాబు బ్రోచరులో దొరకదు. ఇవి అడిగితే మొహం చిట్లించే చోట ఎంత రాయితీ ఇచ్చినా చేరొద్దు.

నోటిఫికేషన్ వచ్చాక ఆఖరి తేదీ దాకా ఆగకు, సర్వర్లు మొరాయిస్తాయి. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒకసారి ఇంటికి రా. ఖమ్మం, వరంగల్, హైదరాబాద్ ఏ ఊరైనా తాతయ్య నీతో వస్తాడు. ఇద్దరం కలిసి ముందు ఆసుపత్రి చూద్దాం, ఆ తర్వాతే ఫీజు గురించి మాట్లాడదాం.

ఆశీస్సులతో,
తాతయ్య