పులుసు కుండలో దాసోహము



వానలు వెనుకబట్టి శరదృతువు ప్రవేశించినంతనే పల్లెల పెరళ్లలో గుమ్మడి తీగెలు, సొరపాదులు కాయలతో నిండుగా నుండును. కార్తీకమునకు చిక్కుడు కూడ కాపునకు వచ్చును. ఆ దినములలో ఇంటనున్న కూరలన్నిటిని కందిపప్పుతో చేర్చి ముక్కల పులుసు కాచుట తెలుగు ఇండ్లలో పరిపాటి. ఇంతటి సామాన్యమైన వంటలో ధర్మమేమున్నదని కొందరడుగవచ్చును. 12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు బోధించిన కాయకము, దాసోహము అను రెండును ఆ కుండలోనే యున్నవి.

మొదట వంట విధానమును గమనింతము. నలుగురున్న ఇంటికి సుమారు 150 గ్రాముల కందిపప్పును కడిగి, అరగంట నానవైచి, చిటికెడు పసుపుతో మెత్తగా ఉడికింపవలెను. వేరొక గిన్నెలో కంద, ములగకాడ, చిక్కుడు ముందుగను, త్వరగా ఉడుకు గుమ్మడి, సొరకాయ ముక్కలు పిదపను వేయవలెను. ముక్కలు మెత్తబడిన తరువాతనే చింతపండు పులుసు పోయవలెను. పులుపు ముందుగా తగిలినచో ముక్క త్వరగా ఉడకదు. అటుపిమ్మట పప్పు, ఉప్పు, కారము, చిన్న బెల్లపు ముక్క చేర్చి మరుగనిచ్చి, ఆవాలు, మెంతులు, ఎండుమిరప, కరివేపాకు, ఇంగువలతో పోపు పెట్టిన చాలును. వరి అన్నములో కొరవడిన మాంసకృత్తులను పప్పు పూరించును గనుక ఇది దేహమునకు బలము నిచ్చు భోజనము.

జంగమయ్య ఇంటికి వేంచేయునాడు పిండివంటలు చేయలేకపోతిమే యని బాధపడు గృహస్థులు కలరు. పరువు కొరకు అప్పు తెచ్చి విందు చేయువారును కలరు. అప్పుచేసి పప్పుకూడు అను సామెత ఎవరిని ఉద్దేశించి పుట్టినదో వేరుగా చెప్పనక్కరలేదు. అట్టివారు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులను స్మరింపవలెను.

నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలను వండి జంగమారాధన చేయుట ఆ దంపతుల నిత్యవ్రతము. ఒకనాడు మారయ్య అలవాటుకన్న హెచ్చుగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించి ఆశించుట శివభక్తులకు తగదని చెప్పి, మిగులు బియ్యమును తెచ్చినచోటనే విడిచి రమ్మని భర్తను పంపెను. ఉన్న కొద్ది బియ్యముతోనే ఆ సాధ్వి శరణులందరికి ఆరోగణ జరిపెనని సంప్రదాయ కథ. భర్తను దిద్దగల భార్య, ఆమె మాటను శిరసావహించిన భర్త! ఆ పేద ఇంటి గొప్పతనము అచటనే యున్నది.

దాసోహము సంపద మిగిలిన పిదప చేయవలసినది కాదని ఈ కథ తెలుపుచున్నది. ఆనాటి కష్టార్జితముతో కొన్న పప్పు, పెరటిలో కాచిన సొరకాయ, ఆకలిగొన్నవానికి ముందుగా వడ్డించు మనస్సు, ఈ మూడును ఉన్నచో లోటేమియు లేదు. తుమకూరు సిద్ధగంగా మఠమున, 2019లో లింగైక్యులైన శ్రీ శివకుమార స్వామివారు వేలాది విద్యార్థులకు నిత్యము అన్నము పెట్టించిరి. అచటి పెద్ద గుండిగలకును, ఇంటిలోని చిన్న గిన్నెకును పరిమాణమే భేదము, ధర్మమొక్కటియే.

ఇష్టలింగమునకు అర్పించి స్వీకరించునది ప్రసాదము. ప్రసాదమును పారవేయుట అపచారము. పిల్లలు కంద ముక్కను, గుమ్మడి ముక్కను ఏరి కంచము అంచున పెట్టుట ప్రతి ఇంట కనబడు దృశ్యమే. వారిని గద్దించిన ప్రయోజనము లేదు. మొదట కొంచెముగా వడ్డించి, అడిగిన పిదప మరల వడ్డింపవలెను. ఆ ముక్క వెనుక రైతు కాయకమును, తల్లి కాయకమును కలవని మెల్లగా తెలుపవలెను. తెలిసిన బిడ్డ తానే కంచము ఖాళీ చేయును.

ఈ కార్తీకమున ప్రతి ఇంటను పులుసు కాగునప్పుడు, ఇంకొక విస్తరికి చోటున్నదా యని గృహస్థుడు చూచుకొనుగాక!